సరుగుడు తోటలో నేను కనిపెట్టిన పుట్టగొడుగు

ఇరవైనాలుగేళ్ళ వయసులో నాకు తెలియని విషయం లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా అడిగితే ‘తెలియదు’ అనే మాట నాలుక చివరిదాకా కూడా వచ్చేది కాదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టా అప్పుడే చేతికొచ్చింది. బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. మెడలో గుర్తింపు కార్డు, భుజానికి సంచి, సంచిలో భూతద్దం. బస్సులో పక్క సీటావిడ పూలు పెట్టుకుని కూర్చుంటే ఆ పువ్వు ఏ కుటుంబానికి చెందినదో అడక్కుండానే చెప్పేదాన్ని. (ఒకావిడ దిగేదాకా విని, “మా ఇంటాయనకి సుగరు, దానికేమన్నా ఆకుందా అమ్మా?” అని అడిగింది. వృక్షశాస్త్రం అంటే లోకం ఏమనుకుంటుందో నాకు మొదటిసారి అర్థమైన రోజు అది.) మాది చిలకలూరిపేట పక్కన పల్లెటూరు, మిరప, పత్తి తప్ప వేరే ఆలోచన లేని ఊరు. మా నాన్న లెక్కలో మొక్కలు రెండే రకాలు: కాపుకొచ్చేవి, కలుపు. ఈ రెండూ కానివి కూడా ఉంటాయనీ, వాటిని చదవడానికి ఐదేళ్ళు పడుతుందనీ ఆయన ఇప్పటికీ మనస్ఫూర్తిగా నమ్మరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పుట్టగొడుగుల పిచ్చి పట్టుకుంది. దానికి కారణం ఒక పుస్తకం. యూరప్ దేశాల్లో పైను, స్ప్రూసు లాంటి శంకువృక్షాల అడవుల్లో పెరిగే పుట్టగొడుగుల మీద ఎవరో దొరగారు రాసిన పుస్తకం అది. ఫోనులోకి ఉచితంగా దిగింది. రంగుల బొమ్మలున్న పుస్తకం ఉచితంగా దొరికింది అదొక్కటే కాబట్టి దాన్నే భక్తిగా చదివాను. బాపట్లలో ఉంటూ నార్వే అడవుల్లో ఏ మాను మీద ఏం మొలుస్తుందో గడగడా చెప్పగలిగే స్థితికి వచ్చాను. నిజానికి పైను చెట్టును నేను రెండుసార్లే చూశాను. ఒకసారి యూనివర్సిటీ ల్యాబులో సీసాలో నానుతున్న దాని కాయను, రెండోసారి ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు మీద పూర్తి చెట్టును.

ఆ కార్తీకమాసంలో పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్పుకి తీసుకెళ్తానని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. మా ప్రిన్సిపాల్ గారు కామర్స్ మనిషి. మంచివారే, కానీ మొక్కలతో ఆయన పరిచయం తన గదిలోని మనీప్లాంటు దాటి వెళ్ళలేదు. నా కాగితం రెండుసార్లు చదివి, “ట్రిప్పు వేరే, వనభోజనాలు వేరే ఎందుకమ్మా, రెండూ ఒక రోజు పెట్టెయ్యి” అన్నారు. అలా నా మొదటి శాస్త్రీయ యాత్ర ఒక గుండిగెడు పులిహోరతో, రెండు బకెట్ల గోంగూర పచ్చడితో, నలభైమంది పిల్లలతో, సముద్రం వైపున్న ఒక సరుగుడు తోటకి బయలుదేరింది. మాతో పాటు మా ల్యాబు అటెండరు కూడా వచ్చాడు. ఆయన్ని కాలేజీలో అందరూ సీసాల భాయ్ అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా ల్యాబులో సీసాలు తుడుస్తూ, వాటిలోని వస్తువుల పేర్లు లెక్చరర్లకంటే బాగా గుర్తుపెట్టుకున్న మనిషి. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు మన చేతిలోని సుద్దముక్క జారిపోయేలా మాట్లాడతాడు.

తోట ఒక పెద్దావిడది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, ఒంటరిగా ఉంటుంది, ఊళ్ళో అందరికీ మామ్మే. ఇసుక నేలలో ఐదేళ్ళ క్రితం తనే నారు తెచ్చి నాటించి, బిందెలతో నీళ్ళు మోయించి పెంచిన తోట అది. సరుగుడు తోటలో నిలబడితే నిజంగా ఏదో చల్లటి దేశంలో ఉన్నట్టే ఉంటుంది. నిటారుగా సన్నటి మానులు, పైన సూదుల్లాంటి ఆకులు, కింద మెత్తగా పరుచుకున్న గోధుమరంగు రాలుటాకు, గాలికి హోరు. (అవి ఆకులు కావు, ఆకుల పని చేసే సన్నటి రెమ్మలు. సరుగుడు శంకువృక్షం కూడా కాదు, పూలు పూసే చెట్టే. ఈ సంగతి ఆ రోజు పిల్లలకి మొదలుపెట్టాను గానీ రెండో వాక్యానికే నలభై జతల కళ్ళూ పులిహోర గుండిగె వైపు తిరిగాయి.) వాళ్ళని భోజనాలకి వదిలేసి నేను ఒక్కదాన్నే తోట చివరిదాకా నడిచాను. అక్కడ, వెనకటి తోట కోతలో మిగిలిపోయిన పాత మొద్దులు కొన్ని ఎండలో పడి ఉన్నాయి. వాటి మీద కనిపించింది.

ఏమని చెప్పను. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పొద్దుటి ఎండ పడితే ఎలా ఉంటుందో ఆ రంగు. చిన్న చిన్న విసనకర్రల్లాగా, గోడకి కొట్టిన అరల్లాగా, మొద్దు పొడుగునా ఒకదాని పక్కన ఒకటి. కొన్ని నారింజ, కొన్ని ఎరుపు. తాకితే తోలులా ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఫోను తీసి పుస్తకం తెరిచాను. వెతగ్గా వెతగ్గా నూట ఎన్నో పేజీలో అచ్చంగా అదే బొమ్మ. పిక్నోపోరెల్లస్ ఫుల్జెన్స్. కింద రాసి ఉంది: దాదాపు ఎప్పుడూ శంకువృక్షాల అడవుల్లో, కూలిన మానుల మీద, అరుదు. అంతవరకే చదివాను. ‘అరుదు’ అన్న మాట చదివాక ఇరవైనాలుగేళ్ళ మనిషి ఇంకేం చదువుతుంది చెప్పండి. ఆ పేజీకి ఇంకో సగం ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నా బుర్ర చాలా వేగంగా పనిచేసింది. ఇది శంకువృక్షాల మీద పెరిగేది. సరుగుడు శంకువృక్షం కాదు. ఇది చలిదేశాలది. ఇది బాపట్ల. మరి నేను తప్పు చూశానేమో అన్నది ఇలాంటప్పుడు మామూలు మనిషికి తట్టే మొదటి ఆలోచన. నాకు అది తట్టనే లేదు. ఆ పుట్టగొడుగే సముద్రాలు దాటి, చెట్టు మార్చుకుని, నేను వచ్చి చూసేదాకా ఇక్కడ కాచుకుని కూర్చుందని తేల్చేశాను. పరిశోధన పేపరు రాస్తాను, పీహెచ్‌డీ వస్తుంది, ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. ఆ మొద్దు ముందు అరగంట అలాగే కూర్చున్నాను. చీమలు కుడుతున్నా లేవలేదు.

వెనక నుంచి మామ్మ వచ్చింది. “ఏందమ్మాయ్, అన్నం తినకుండా ఇక్కడ కూర్చున్నావ్? ఏమన్నా పోయిందా?” అంది.

“పోలేదు మామ్మగారూ, దొరికింది” అన్నాను.

చూపించాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని వంగి చూసింది. అది సరుగుడు మీద ప్రపంచంలో ఇంకెక్కడా లేదనీ, దీని మీద పరిశోధన జరగాలనీ చెప్పాను. మామ్మ ఆ మొద్దునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“ఇంకెక్కడా లేదా?”

“లేదండి.”

“నా తోటలోనే ఉందా?”

“మీ తోటలోనే.”

అప్పుడే నాకు తెలిసింది, సోమవారం కట్టె కొట్టే మనుషులొస్తున్నారని. తోట మొత్తం కొట్టించి, ఆ వచ్చినదాంతో తనుండే రేకుల ఇంటికి స్లాబు వేయించుకోవాలని ఆవిడ అనుకుంటోంది. ఐదేళ్ళుగా ఎదురుచూసిన పని. నేను ఎంత ధైర్యంగా అన్నానో చూడండి: “మామ్మగారూ, ఒక్క పదిహేను రోజులు కొట్టించకుండా ఆగగలరా? చెట్లు కొట్టేస్తే ఇక్కడి గాలి, నీడ అన్నీ మారిపోతాయి. శాస్త్రానికి నష్టం.”

మామ్మ తల ఎత్తి తన చెట్ల వంక చూసింది. తర్వాత, “చదువుకున్నదానివి, ఊరికే చెప్పవుగా. ఆగుతాలే” అంది. అని, నన్ను చెయ్యి పట్టుకుని లేపి భోజనానికి తీసుకెళ్ళింది. ఆ కట్టె కొట్టేవాళ్ళు సోమవారం వచ్చి, సంగతి విని, ఇక్కడ కాకపోతే ఇంకోచోట అని వేటపాలెం వైపు పనికి వెళ్ళిపోయారట.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద కాగితం పొట్లం విప్పి పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు. “దీనికి మన కాలేజీ పేరు వస్తుందా?” అన్నారు. నేను రాసే పేపర్లో వస్తుందన్నాను. ఆయన కాస్త ఆగి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, “మనిషి పేరు పెట్టే పద్ధతి కూడా ఉంటుందంటగా?” అన్నారు.

“పేరు ముందే ఉంది సార్. కాకపోతే, ఇది వేరే ఉపజాతి అని తేలితే...”

ఆ ‘తేలితే’ దగ్గర నేను ఆగి ఉండాల్సింది కాదు. ఆ మధ్యాహ్నం ఏదో సంతకానికి వెళ్తే, ఆయన ఒక పాత సర్క్యులర్ వెనకవైపు తన ఇంటిపేరు రాసి, దాని చివర, లాటిన్ పేర్లకి ఉన్నట్టు, ‘ఎన్సిస్’ అని ఒకసారి, ‘ఐ’ అని ఒకసారి తగిలించి ఏది బాగుందో చూసుకుంటున్నారు. నేను చూడనట్టు సంతకం పెట్టించుకుని వచ్చేశాను. సాయంత్రానికి ఆయనకి తెలిసిన విలేకరి వచ్చాడు. రెండు రోజులకి పేపర్లో జిల్లా పేజీలో ఫోటో. ఫోటోలో ప్రిన్సిపాల్ గారు పుట్టగొడుగు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కన నేను సగం ఉన్నాను. పైన ‘జిల్లాలో అరుదైన శిలీంధ్రం’ అని పెద్ద అక్షరాలు. కింద వార్తలో దాని పేరు ‘పిక్నిక్ పోర్లస్’ అని పడింది. మొండి జబ్బులకి మందు కావచ్చునని నిపుణులు భావిస్తున్నారని కూడా ఉంది. ఆ నిపుణులెవరో నాకు తెలియదు. ఆ ఊళ్ళో ఉన్న నిపుణురాలిని నేనొక్కదాన్నే, నేను అలా భావించలేదు.

పేపరు ఫోటో తీసి నాన్నకి పంపాను. ఆయన ఫోను చేసి, “మన తాలుకాయ రంగులో ఉందే, దీనికి రేటుందా?” అని అడిగారు. మార్కెట్‌యార్డులో పక్కకి తీసి పడేసే రంగుపోయిన మిరపకాయతో నా పరిశోధనని పోల్చినందుకు నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఫోను చేయలేదు.

ఇక ఆ వార్త చదివి నలుగురైదుగురు మోటారు సైకిళ్ళ మీద మామ్మ తోటకి బయలుదేరారు. మోకాళ్ళ నొప్పులకి పనికొస్తుందని ఒకాయన, వాళ్ళ గేదె పాలు తగ్గాయని ఇంకొకాయన. మామ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదట. మొద్దుల మీద టార్పాలిన్ పట్టా కప్పి, చేతికర్ర పట్టుకుని పక్కన మంచం వేసుకుని కూర్చుందని మా విద్యార్థిని ఒకమ్మాయి, ఆ ఊరిదే, క్లాసులో చెప్పింది. “మేడం, మామ్మ మీరొచ్చేదాకా ఎవరికీ చూపించదంట” అంది. క్లాసంతా నవ్వారు. నాకు ఎందుకో నవ్వు రాలేదు. అప్పటికి నా ధీమాలో చిన్న బీట పడింది, ఎక్కడ పడిందో మాత్రం తెలియలేదు.

పేపరు రాయాలంటే ఒక పరీక్ష చేయాలి. పుస్తకం చివర ఉన్న పరీక్షల పట్టిక ప్రకారం నా పుట్టగొడుగు మీద పొటాష్ ద్రావణం చుక్క వేస్తే ముందు చెర్రీ పండులా ఎర్రబడాలి. ఎరుపు మీద ఇంకా ఎరుపు. పొటాష్ కావాలని సీసాల భాయ్‌ని అడిగితే, ఉన్న సీసా గడ్డకట్టి రాయి అయిపోయిందనీ, కొత్తది గుంటూరు నుంచి తెప్పించాలనీ అన్నాడు. అది రావడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను పేపరు మొదటి పేజీ నాలుగుసార్లు రాశాను. కృతజ్ఞతల భాగం అయితే చాలా బాగా వచ్చింది.

సీసా వచ్చింది. భాయ్ ద్రావణం కలిపాడు. నేను ముక్క మీద ఒక చుక్క వేశాను. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఎర్రబడలేదు. బూడిదరంగులోకి తిరిగి, పచ్చగా నల్లగా, మురికికాలవ నీళ్ళలా అయింది. ఇంకో చుక్క వేశాను. ఇంకో మురికి మచ్చ.

“ఈ పొటాష్ బాగున్నట్టు లేదు భాయ్” అన్నాను.

“నిన్న వచ్చింది మేడం గారూ, సీలు మీరే తీశారు” అన్నాడు.

“పాత స్టాకు అంటగట్టి ఉంటారు.”

భాయ్ సీసా మూత పెట్టి, గుడ్డతో తుడిచి, అలమరలో దాని స్థానంలో పెట్టాడు. తర్వాత నింపాదిగా అన్నాడు: “మేడం గారూ, మా తమ్ముడికి చీరాల రోడ్డులో కట్టెల అడితి ఉంది. ఒకసారి వచ్చి చూస్తారా? నేను ఆ రోజే చెబుదామనుకున్నా. మీరు మరీ సంతోషంగా ఉన్నారని ఊరుకున్నా.”

సాయంత్రం వస్తానన్నాను. అదే రోజు మధ్యాహ్నం నుంచి రేడియోలో, టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెప్పడం మొదలుపెట్టారు. వాయుగుండంగా మారవచ్చు, మన తీరం వైపు రావచ్చు. స్టాఫ్‌రూములో అందరూ సెలవు ఎప్పుడిస్తారని మాట్లాడుకుంటున్నారు. నా కళ్ళ ముందు మాత్రం పట్టా కప్పిన మొద్దుల పక్కన కర్ర పట్టుకుని కూర్చున్న మామ్మ, ఆవిడ వెనక ఐదేళ్ళ తోట. గట్టి గాలి వస్తే సరుగుడు నిలవదు. ఇసుకలో వేళ్ళు లేచిపోయి ఒకదాని మీద ఒకటి పడి, విరిగి, మెలికలు పడితే ఆ కట్టె ఎవరూ తీసుకోరు. ఆ సోమవారమే కొట్టించి ఉంటే ఈపాటికి అంతా లారీ ఎక్కి ఉండేది.

కాలేజీ వదలగానే భాయ్ స్కూటరు వెనక కూర్చుని అడితికి వెళ్ళాను. పెద్ద ఆవరణ. సరుగుడు, తుమ్మ, వేప, మామిడి కట్టెలు గుట్టలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. వానలకి తడిసి, ఎండకి ఆరిన గుట్టలు. ఆ గుట్టల మీద ఎక్కడ చూసినా నా అరుదైన పుట్టగొడుగు. సరుగుడు మీద ఉంది, మామిడి మీద ఉంది, పాత తలుపు చట్రం మీద కూడా ఉంది. భాయ్ తమ్ముడు టీ తెప్పించి, నేను చూస్తున్న చోటు చూసి, “అదా మేడం, వానలు పడ్డాక కట్టె మీద అది రాకపోతే వింత. వచ్చిందంటే లోపల కట్టె పోయినట్టే, పొయ్యిలోకి కూడా బలం ఉండదు” అన్నాడు. చేతికందిన ముక్క ఒకటి తీసి విరిచాడు. అది తడి అట్టముక్కలా విరిగింది. లోపల చెక్క తెల్లగా, పీచుపీచుగా ఉంది.

నేను ఫోను తీసి పుస్తకంలో ఆ పేజీ మిగతా సగం మొదటిసారి చదివాను. దొరగారు పాపం అన్నీ రాశారు. అసలైన ఫుల్జెన్స్ చెక్కని గోధుమరంగులోకి మార్చి, చిన్న చిన్న ఘనాలుగా పగిలేట్టు చేస్తుందని రాశారు. చెక్క తెల్లబడి పీచుగా ఉంటే అది కాదని రాశారు. ఇంచుమించు ఇదే పేరుతో, ఇదే రంగుతో పిక్నోపోరస్ అని ఇంకొకటి ఉందనీ, దానిలో ఒక జాతి వేడిదేశాల్లో ఎండలో పడి ఉన్న ఏ మొద్దు మీదైనా సర్వసాధారణంగా వస్తుందనీ, తొందరపడేవారు ఒకదాన్ని చూసి ఇంకొకటని పొరబడతారనీ రాశారు. తొందరపడేవారు అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. రెండు వారాలు దాని రంగు చూశాను, ఆకారం చూశాను, నా భవిష్యత్తు చూశాను. అది కూర్చున్న చెక్క వంక ఒక్కసారి కూడా చూడలేదు.

“టీ చల్లారిపోతోంది మేడం గారూ” అన్నాడు భాయ్. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ మనిషి మీద ఇప్పటికీ నాకున్న గౌరవంలో సగం, ఆయన ఆ రోజు అనని మాటలకే.

అక్కణ్ణుంచే మామ్మ దగ్గరికి వెళ్దామన్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. శాస్త్రంలో ఇలాంటివి సహజం, పరిశోధన అంటేనే తప్పుల నుంచి నేర్చుకోవడం, ఇలా. తోట దగ్గర దిగేసరికి మామ్మ మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పట్టా మీద నాలుగు ఇటుకలు పెట్టి ఉన్నాయి, గాలికి లేవకుండా. కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి. “మామ్మగారూ, నేను తప్పు చెప్పాను. ఇది అన్నిచోట్లా వచ్చేదే. నాకు తెలియక చెప్పాను” అన్నాను. ఏడుపు కూడా వచ్చింది, అది ఆపుకోలేకపోయాను.

మామ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని విన్నది. “అన్నిచోట్లా వచ్చేదేనా?”

“అన్నిచోట్లా అండి. భాయ్ వాళ్ళ అడితి నిండా ఉంది.”

“మరి ఆ రోజు అంత సంబరపడ్డావేంది?”

“అప్పుడు తెలియదు.”

ఆవిడ కాయ చాటలో వేసింది. “కూర్చో ముందు” అంది. మంచం మీద ఒక పక్కకి జరిగింది. “అమ్మాయ్, ఈ తోట చూట్టానికి ఐదేళ్ళల్లో చాలామంది వచ్చారు. అంతా మాను లావెంత, ఎన్ని టన్నులు తేలుద్దని చూసి పోయేవాళ్ళే. నువ్వొక్కదానివి కింద కూర్చుని చూశావు. నా తోటలో ఏదో ఉందని నాకు చెప్పినదానివి నువ్వే. ఆ మాట బాగుండి ఆగా. నువ్వు ఆపలా నన్ను, నేనే ఆగా. ఏడవబాక.”

నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను. భాయ్ తోట గట్టు మీద నిలబడి దూరంగా సముద్రం వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

“ఇహ ఆ సంగతి వదిలెయ్. తుఫానంటన్నారుగా. వేటపాలెం పోయిన మనుషులు ఇప్పుడు రమ్మన్నా రారు. ఏం చేద్దాం?” అంది మామ్మ.

భాయ్ అప్పుడు వెనక్కి తిరిగాడు. “మా తమ్ముడి దగ్గర మనుషులున్నారు. లారీ కూడా ఉంది. పొద్దున్నే వస్తారు” అన్నాడు. స్కూటరు మీద వచ్చేటప్పుడే ఫోనులో మాట్లాడేశాడన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన పేపరు ముక్కని ఫ్రేములో పెట్టించి, గోడ మీద ఎక్కడ బాగుంటుందో చూస్తున్నారు.

“సార్, అది అరుదు కాదు.”

ఆయన ఫ్రేము కిందికి దించారు. “ఎంతవరకు అరుదు కాదు?”

“మన సైకిల్ స్టాండు వెనక పడున్న మొద్దు మీద కూడా ఉంది సార్. పొద్దున్నే చూసొచ్చాను.”

ఉద్యోగం పోయిందనుకున్నాను. మామ్మ తోట సంగతి కూడా చెప్పేశాను, ఎలాగూ పోయేదే కదా అని. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి మబ్బులు చూశారు. “ఎన్నెస్సెస్ పిల్లల్ని తీసుకెళ్ళు. శ్రమదానం అని రాసుకుందాం. కొమ్మలు లాగడానికి మనుషులు కావాలిగా” అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, “బ్యానరు మర్చిపోకు” అన్నారు. ఎంతైనా ప్రిన్సిపాల్.

మూడు రోజులు కొట్టారు. అడితి మనుషులు మానులు పడగొడుతుంటే మేము కొమ్మలు లాగాం, కట్టలు కట్టాం, లారీకి అందించాం. నా చేతులు బొబ్బలెక్కాయి. భోజనాల వేళ మామ్మ తోటకూర పప్పు, ఎండు రొయ్యల వేపుడు పెట్టేది. మేము నలభైమంది లేము గానీ నలభైమందికి వండినట్టే ఉండేది. మా పిల్లలు ఆ మూడు రోజుల్లో సరుగుడు గురించి నేను ఆర్నెల్లు పాఠం చెప్పినా నేర్చుకోనంత నేర్చుకున్నారు. ఆఖరి లారీ వెళ్ళిన సాయంత్రం గాలి లేచింది, మబ్బు ముసిరింది, రెండు చినుకులు పడ్డాయి. మర్నాడు తుఫాను మనసు మార్చుకుని ఒడిశా వైపు వెళ్ళిపోయింది. ఫోను చేసి మామ్మకి ఆ సంగతి చెబితే, “పోన్లే, అది కూడా తొందరపడి చెప్పినట్టుంది” అంది.

పేపరువాళ్ళకి నేను సవరణ కోరుతూ ఉత్తరం రాశాను, రెండుసార్లు. వేయలేదు. విలేకరి మాత్రం ఫోను చేసి, ఇంకేమన్నా దొరికితే ముందు తనకే చెప్పమన్నాడు. ప్రిన్సిపాల్ గారికి ఆ ఫ్రేము తీసేయడానికి మనసొప్పలేదు. ఒకరోజు వెళ్ళి చూస్తే గోడ మీద అలాగే ఉంది. కానీ ‘అరుదైన’ అన్న మాట మీద శుభ్రంగా వైట్‌నర్ పూసి ఉంది. ‘జిల్లాలో శిలీంధ్రం’ అని మిగిలింది. అందులో అబద్ధం ఏమీ లేదు. నేను ఆ కాలేజీ వదిలేనాటికి కూడా అది అక్కడే ఉంది. వచ్చిన అతిథులు దాన్ని చదివి, ఏమనాలో తెలియక తల పంకించేవాళ్ళు.

ఇప్పుడు నేను కనిగిరి వైపు ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. ఉద్యోగం పర్మినెంటు అయింది, పీహెచ్‌డీ కూడా వచ్చింది, పుట్టగొడుగుల మీద కాదు. పోయిన వేసవిలో పిల్లల్ని హిమాచల్ టూరుకి తీసుకెళ్ళాను. ఘాటు రోడ్డు మీద బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీ అవతల నిజమైన శంకువృక్షాల అడవి, అన్నీ దేవదారులే, ఎన్నో ఏళ్ళు పుస్తకంలో చూసిన అడవి. లోయలో కూలి పడి ఉన్న ఒక మాను మీద నారింజరంగు ఏదో ఒక్క క్షణం మెరిసింది. డ్రైవరుని ఆపమన్నాను. ఇక్కడ ఆపితే వెనక బండ్లు గుద్దుతాయన్నాడు. అతను చెప్పింది నిజమే. మెడ తిప్పి మలుపు దాటేదాకా చూశాను. పక్కన కూర్చున్న అమ్మాయి, “ఏంటి మేడం అది?” అని అడిగింది.

“తెలియదమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి సరేనని ఫోను చూసుకుంది. నేను కిటికీకి తలానించి కూర్చున్నాను. ఆ ఇరవైనాలుగేళ్ళ పిల్లయితే ఈపాటికి దానికి పేరు పెట్టి, కుటుంబం చెప్పి, బస్సంతా వినేట్టు పావుగంట మాట్లాడి ఉండేది. అంతా తప్పే చెప్పేది. కానీ డ్రైవరు ఆపనంటే ఊరుకునేది మాత్రం కాదు, బతిమాలో, దెబ్బలాడో ముందు దిగేసేది. మలుపులన్నీ అయిపోయాయి, బస్సు కిందికి దిగింది. ఆ పిల్ల మీద బెంగగా, ముద్దుగా చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను.